సైన్స్ పండగకి పిల్లలే కాదు, అమ్మమ్మలూ తాతయ్యలూ రావాలంటే ఏం పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కోనసీమలో మీ ఊరి గ్రంథాలయం కుర్రాళ్ళు కలిసి రెండు రోజుల సైన్స్ పండగ చేద్దామనుకుంటున్నారు. పోయిన ఏడాది చేస్తే హైస్కూలు పిల్లలు, వాళ్ళ మాస్టార్లు తప్ప ఊళ్ళోవాళ్ళు ఎవరూ తొంగిచూడలేదు. ఈసారి అన్ని వయసుల వాళ్ళూ రావాలి, డబ్బు చూస్తే తక్కువ. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎలా నడపాలి?

నేను డెల్టాలో అటూ ఇటూ హైస్కూళ్ళలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి పండగలు పల్లెల్లో చాలానే దగ్గరుండి చేయించాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

ముందు సూటిగా జవాబు. మోడళ్ళు, చార్టులు తగ్గించేసి, వచ్చేవాళ్ళు తమ ఇంటినుంచి తెచ్చిన వస్తువుని పరీక్షించి చూపించే బల్లలు పెట్టండి. వాళ్ళ బోరు నీళ్ళు, వాళ్ళ చెరువు నీళ్ళు, వాళ్ళ చేలో ఆకు, వాళ్ళ ఇంట్లో ఉడకని కందిపప్పు. ఎనిమిది బల్లలు చాలు. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది దాకా నడపండి. పోటీలు, బహుమతులు వద్దు. సభ అసలే వద్దు, తప్పదంటే పది నిమిషాల్లో ముగించండి.

పోయినసారి మీ దగ్గర ఏం జరిగిందో చూడకుండానే చెప్పగలను. పిల్లాడు థర్మోకోల్ అగ్నిపర్వతం పక్కన నిలబడి బట్టీపట్టిన నాలుగు ముక్కలు గడగడా అప్పజెప్తాడు. వచ్చిన పెద్దాయన తలూపి, 'బాగుందిరా అబ్బాయ్' అని పక్క బల్లకి పోతాడు. ఆయన అడగడానికి అక్కడ ఏమీ లేదు, ఆయనకి తెలిసింది చెప్పడానికీ చోటు లేదు. అది పిల్లల పరీక్ష, పెద్దలు ఇన్‌స్పెక్టర్లు. పండగ అంటే మన తీర్థంలా ఉండాలి. తీర్థంలో ఎవరూ ఎవరికీ ఏదీ అప్పజెప్పరు, ఎవరికి కావాల్సిన చోట వాళ్ళు ఆగుతారు.

ఇలా ఊరు ఊరంతా వచ్చే సైన్స్ పండగలు కొత్తేమీ కాదు. ఎడిన్‌బరోలో 1989 నుంచీ చేస్తున్నారు. మన దేశంలో 1987 నుంచి ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం జరుపుతున్నాం, 1928లో అదే రోజు సి.వి. రామన్ తన ఫలితాన్ని కనుగొన్నారు కాబట్టి. కాకపోతే అది చాలాచోట్ల బడి గోడ దాటి బయటికి రాదు. మీరు దాటిద్దామనుకుంటున్నారు, సంతోషం.

ఇక బల్లల సంగతి.

నీళ్ళ బల్ల. ఒక్కటే పెట్టగలిగితే ఇదే పెట్టండి. వారం ముందునుంచి చాటింపు వేయించండి: 'మీ బోరు నీళ్ళు శుభ్రంగా కడిగిన సీసాలో తెండి, ఉచితంగా చూసి చెప్తాం' అని. నీళ్ళలో కరిగిన లవణాలెన్నో చెప్పే టీడీఎస్ మీటరు, పులుపో క్షారమో తేల్చే పీహెచ్ కాగితాలు, కఠినత్వం చూడ్డానికి సబ్బు ద్రావణం, క్లోరైడ్ చూడ్డానికి సిల్వర్ నైట్రేట్ ఉంటే సరిపోతుంది. పొటాషియం క్రోమేట్ వేసిన పసుపు నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్కచుక్కగా వేస్తుంటే ఒక చుక్క దగ్గర ఇటుకరంగుకి తిరుగుతుంది. ఎన్ని చుక్కలు పట్టిందో దాన్నిబట్టి ఉప్పదనం తెలుస్తుంది. ఆ రంగు మారే చోట జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. క్రోమేట్ విషం, సిల్వర్ నైట్రేట్ వేలికంటితే నల్లమచ్చ పడుతుంది. ఆ రెండూ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ చేతిలోనే ఉండాలి, మిగిలిన నీళ్ళు పారబోయకుండా ఆయన వెంట ల్యాబుకి పంపేయాలి.

పక్కనే గోడకి ఊరి పటం. ప్రతి సీసాకీ ఒక రంగు చుక్క: టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు పచ్చ, 2000 లోపు పసుపు, దాటితే ఎరుపు. తాగునీటికి మన దేశపు ప్రమాణాల్లో ఉన్న అంకెలే ఇవి. ఒకటి కోరదగ్గ హద్దు, రెండోది వేరే దారి లేనప్పుడు ఒప్పుకునే హద్దు. సాయంత్రానికి పటం మీద ఒక బొమ్మ తేలుతుంది. సముద్రం వైపు, డ్రెయిన్ల వెంబడి ఎరుపు ఎక్కువగా ఉందా, పంట కాలువ పక్క పచ్చగా ఉందా? అప్పుడు మొదలవుతుంది అసలు చర్చ. మీరు నోరు మెదపక్కర్లేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. టీడీఎస్ తక్కువ ఉంటే నీళ్ళు మంచివని అర్థం కాదు, క్రిములు ఆ మీటరుకి కనపడవు. దానికి హెచ్‌టుఎస్ సీసాలు పెట్టండి. మలం కలిసిన నీళ్ళలో ఉండే బాక్టీరియా ఉంటే ఒకటి రెండు రోజుల్లో సీసా నల్లబడుతుంది. మొదటి రోజు పొద్దున్నే నీళ్ళు తీసుకుంటే చాలావాటి ఫలితం రెండో రోజు సాయంత్రానికి తేలుతుంది, చలికి ఆలస్యమైనవాటికి మర్నాడు ఫోన్ చేసి చెప్పాలి. తన సీసా ఏమైందో చూడ్డానికి ప్రతివాడూ రెండో రోజు వస్తాడు, పక్కింటివాళ్ళని వెంటబెట్టుకుని మరీ. రెండో జాగ్రత్త: పటం మీద వీధి పేరు రాయండి, ఇంటి పేరు రాయొద్దు. ఒక ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు ఓనరు వచ్చి 'నా నీళ్ళ మీద పదిమంది ముందు ఎర్రచుక్క పెడతారా' అని గొడవకి దిగాడు. ఆయన బాధ ఆయనది. రొయ్యల చెరువుల వల్లే ఉప్పు దిగిందన్న మాట ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. ఒక్క సాయంత్రం తీసిన చుక్కలతో అలాంటిది తేలదని బల్ల దగ్గరున్నవాళ్ళు ముందే చెప్పాలి.

పప్పు బల్ల. మీరు నవ్వినా సరే, నేను చూసినవాటిల్లో అన్నిటికంటే జనం మూగింది ఇక్కడే. నీళ్ళ బల్ల దగ్గర ఒకావిడ, 'అంకెలు నాకెందుకండీ, మా బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు, అదెందుకో చెప్పండి' అంది. మర్నాడు మూడు గిన్నెలు, మూడు స్టవ్‌లు పెట్టాం. అదే పప్పు, అంతే కొలత. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో కాలువ నీళ్ళు వడకట్టినవి, మూడోదాంట్లో బోరు నీళ్ళకే చిటికెడు వంట సోడా. కుక్కరు వద్దు, మూత తీసి చూపించాలి కాబట్టి గిన్నెలే.

కాలువ నీళ్ళ పప్పు మెత్తబడింది, బోరు నీళ్ళది పలుకుగానే ఉంది, సోడా వేసింది అన్నిటికంటే ముందు మెదిగిపోయింది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి పప్పు గింజలో కణాలని అంటిపెట్టి ఉంచే పెక్టిన్‌ని పట్టుకుని గట్టిపరుస్తాయి. సోడా ఆ పెక్టిన్‌ని కరిగిస్తుంది. ఇదంతా మా కుర్రాడు చెప్తుంటే వెనకనుంచి ఒక పెద్దావిడ, 'నీ మాట సరే నాయనా, ఆ మధ్య పొయ్యి సెగ తక్కువగా ఉంది, గిన్నెలు మార్చి మళ్ళీ పెట్టు' అంది. ఏళ్ళ తరబడి నేను పిల్లల చేత చెప్పించలేకపోయిన మాట అది! ఏదో ఒక్కటే మార్చాలి, తక్కినవన్నీ ఒకలాగే ఉంచాలి. ఆవిడ అన్నట్టే గిన్నెలు మార్చి మళ్ళీ పెట్టాం. ఫలితం మారలేదు. ఆవిడ ఒప్పుకుని కూచుంది. ఆ తర్వాత గంటసేపు బల్ల ఆవిడే నడిపింది, మా కుర్రాడు గిన్నెలు కడిగాడు.

సోడా ఎక్కువేస్తే రుచి చెడుతుంది, కొన్ని విటమిన్లూ పోతాయి. అదీ చెప్పాలి. వండిన పప్పు తినడానికి పెట్టకండి, అక్కడ వాడినవి పరీక్ష నీళ్ళు.

వరద బల్ల. ఇది ముసలివాళ్ళ బల్ల. ఒక పొడుగాటి వెదురు నిలబెట్టి అడుగులు గీయండి. '1986 ఆగస్టు వరదకి మీ ఇంటి దగ్గర నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?' అని అడగండి. ఒక్కొక్కరూ వచ్చి సుద్దతో గీత గీసి, పక్కన వీధి పేరు రాయిస్తారు. లంకల్లోవాళ్ళది ఒక గీత, ఏటిగట్టు ఇవతలివాళ్ళది ఇంకో గీత. 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్ళు గాలి ఎటునుంచి ఎటు తిరిగిందో చెప్తారు. వాళ్ళు చెప్తుంటే పిల్లలు బాణం గుర్తులు వేయాలి. తుఫాను కన్ను ఏ పక్కగా పోయిందో ఆ బాణాలే చెప్తాయి.

ఏటా ఆగస్టులో టీవీలో 'ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక' అని వింటాం. మొదటిది 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. మొదటి హెచ్చరిక నాటికి సుమారు పది లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతుంటాయి. క్యూసెక్కు అంటే ఎంత అని అడిగితే ఊళ్ళో నూటికి తొంభైమంది చెప్పలేరు. సెకనుకి 28.3 లీటర్లు. ఇరవై లీటర్ల వాటర్ క్యాను ఒకటి నిండుగా, ఇంకోటి సగానికి కాస్త తక్కువగా పెట్టి, 'సెకనుకి ఇన్ని నీళ్ళు, అలాంటివి పది లక్షలు' అనండి. ఆ మాటతో అక్కడ చప్పుడు ఆగిపోతుంది. పక్కన ఇసుక ట్రే ఒకటి, వాలుగా పెట్టి పైనుంచి నీళ్ళు వదిలితే పాయలు చీలడం, లంక పుట్టడం, గట్టు కోసుకుపోవడం కళ్ళముందే జరుగుతాయి. ఐదారేళ్ళ పిల్లలు ఆ ట్రే వదలరు. అంటే తాతా మనవడూ ఒకే బల్ల దగ్గర ఉంటారు, మీక్కావాల్సింది అదే.

దీనికి జంటగా, ఇప్పటినుంచే తయారవగలిగితే, వరి తొట్టెలు పెట్టండి. స్వర్ణ వరి మన మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిందే, ఎంటీయూ 7029. ఆ ఎంటీయూ అన్న అక్షరాలు మార్టేరువే అని చెప్తే పశ్చిమ వైపు వాళ్ళు మహా గర్వపడతారు. దానికే నీట మునిగినా తట్టుకునే జన్యువు ఎక్కించినది స్వర్ణ సబ్-1, 2009లో మన దేశంలో విడుదలైంది. ఆ జన్యువు ఒడిశా రైతుల పాత రకం నుంచి వచ్చింది. మామూలు వరి మునిగితే పైకి రావాలని తెగ సాగి, ఉన్న శక్తంతా ఖర్చుపెట్టేసుకుంటుంది. ఇది సాగకుండా ఊరుకుంటుంది. రెండు వారాల దాకా మునిగి ఉన్నా, నీళ్ళు తీశాక మళ్ళీ చిగురిస్తుంది. రెండు తొట్టెల్లో పోసి, మూడు నాలుగు వారాల మొక్కని రెండు వారాలు ముంచి, తీసి, ఒక వారం ఆగి చూపించాలి. అంటే పండగకి రెండు నెలల ముందు నారు పోయాలి. గింజల కోసం మార్టేరు వాళ్ళనే అడగండి.

దోమ బల్ల. గాజు గ్లాసుల్లో దోమ పిల్లలు. నీటి పైపొరకి సమాంతరంగా పడుకునేది అనాఫిలిస్, తలకిందులుగా ఏటవాలుగా వేలాడేది క్యూలెక్స్. మనకి బోదకాలు తెచ్చేది ఈ రెండోది. మురుగు కాలువలంటే దానికి ప్రాణం. గ్లాసులకి గుడ్డ కట్టడం మర్చిపోకండి, లేకపోతే రెండో రోజుకి మీ పండగే దోమల్ని పెంచి ఊరి మీదకి వదులుతుంది. పెద్దవాళ్ళకి బోదకాలు పరీక్షకని అర్ధరాత్రి తలుపు కొట్టి రక్తం తీసుకెళ్ళిన రోజులు గుర్తుంటాయి. ఎందుకు రాత్రే అంటే, బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కాబట్టి. దాన్ని చంపే డీఈసీ మందుని 1940లలో హెట్రజాన్ పేరుతో తెచ్చిన పరిశోధన బృందానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో మన భీమవరంలో పుట్టినాయన. ఊరూరా మింగించిన ఆ మాత్ర వెనక ఉన్నది గోదావరి బిడ్డ అని చెప్పడానికి చార్టు అక్కర్లేదు, ఖాళీ మాత్రల అట్ట ఒకటి బల్లమీద పెట్టండి చాలు. పండగలో మాత్రం ఎవరి రక్తమూ తీయకండి.

చెరువుల ఊరైతే ఆక్సిజన్ బల్ల పెట్టకపోతే మగవాళ్ళు రారు. చెరువు నీళ్ళు రెండు సీసాల్లో పోసి, ఒకటి వెలుతురులో, ఒకటి నల్లగుడ్డ చుట్టి ఉంచండి. కొన్ని గంటలాగి రెండిటి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఎంతో చూడండి. వెలుతురులో ఉన్నదాంట్లో పెరుగుతుంది, చీకట్లో ఉన్నదాంట్లో పడిపోతుంది. తెల్లవారుజామున రొయ్య ఎందుకు తేలుతుందో, ఏరేటర్లు ఆ వేళకి ఎందుకు తప్పవో రైతుకి అనుభవంలో తెలుసు, కారణం కళ్ళతో చూస్తే ముచ్చటపడతాడు. ఏరేటరు కంపెనీలకి, మేత డీలర్లకి స్టాలు ఇవ్వకండి. డబ్బిస్తామంటారు. ఇస్తే మర్నాటికల్లా అది వాళ్ళ పండగ అయిపోతుంది.

పాములవాణ్ణి పిలుద్దామని ఎవరో ఒకరు అంటారు. బతికున్న పాముల్ని ఆడించడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, పైగా ప్రమాదం. దాని బదులు పెద్ద ఫొటోలు పెట్టండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఒక పక్క. నీరుకట్టె, జెర్రిపోతు, పసిరికపాము ఇంకో పక్క. కరిస్తే కట్టు బిగించకుండా, గాటు పెట్టకుండా, కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలన్నది నాలుగు ముక్కల్లో. పొలం పనికి పోయే ఆడవాళ్ళు ఆ ఫొటోల ముందు ఎంతసేపు నిలబడతారో చూడండి.

బాబాల మహిమల గుట్టు విప్పే కార్యక్రమం మీ ఇష్టం. జనం నవ్వుతారు, చప్పట్లు కొడతారు, ఇళ్ళకి పోతారు. నమ్మేవాళ్ళని నలుగురిలో చిన్నబుచ్చినట్టవుతుందని నేనైతే పెద్దగా ఇష్టపడను. పెట్టినా చివర్లో, అరగంట.

ఆకాశం. టెలిస్కోపు దొరికితే శుద్ధ సప్తమి, అష్టమి రోజుల్లో పెట్టుకోండి. పౌర్ణమి చంద్రుడు కంటికి అందంగా ఉంటాడు గానీ టెలిస్కోపులో తెల్లగా చప్పగా ఉంటాడు. సగం చంద్రుడి మీద వెలుగూ నీడా కలిసే అంచున గుంటలు బ్రహ్మాండంగా కనపడతాయి. కోనసీమలో ఇబ్బంది కొబ్బరి చెట్లు, ఆకాశం సగం మూసేస్తాయి. ఏటిగట్టు మీదో, పెద్ద కళ్ళంలోనో పెట్టండి. జనవరి, ఫిబ్రవరిల్లో తొమ్మిది దాటితే మంచు పడి అద్దం మసకేస్తుంది. గొట్టం మూతికి నల్ల అట్ట చుట్టి ముందుకి పొడిగిస్తే చాలాసేపు ఆగుతుంది. శుక్లాలున్న పెద్దవాళ్ళు కన్ను పెట్టి చూడలేరు. ఫోన్ కెమెరా బిగించి టీవీలో చూపించండి. సూక్ష్మదర్శినికీ అంతే. కూచుని చూసేలా ఒక కుర్చీ తప్పనిసరి.

రెండు రోజుల పండగకి డబ్బు చాలకపోతే గంట పండగ ఒకటుంది, దాదాపు ఖర్చు లేనిది. మన డెల్టాలో మే 6–8 మధ్య, ఆగస్టు 5–7 మధ్య ఒక రోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన సీసా నీడ దాని కిందే మాయమవుతుంది. నరసాపురానికీ రాజమండ్రికీ ఒకటి రెండు రోజుల తేడా. మన గడియారం నడిచే 82.5 డిగ్రీల రేఖ కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది కాబట్టి, అమలాపురంలో మేలో అయితే పన్నెండుకి నిమిషం రెండు నిమిషాల ముందు, ఆగస్టులో ఎనిమిది నిమిషాల తర్వాత ఇది జరుగుతుంది. ఆగస్టులో మబ్బుల్ని నమ్మలేం, మేలో ఎండని తట్టుకోలేం. నేనైతే మే అంటాను, మజ్జిగ పెట్టుకుని.

ఎప్పుడు, ఎక్కడ అన్నది బల్లలంత ముఖ్యం. ఫిబ్రవరి 28 అనకండి. ఆరోజు తెలిసిన మాస్టార్లందరినీ ఎవరో ఒకరు బుక్ చేసుకుంటారు, పైగా పదో తరగతి పరీక్షలు నెత్తిమీద ఉంటాయి. ఫిబ్రవరిలో ఇంటర్ ప్రాక్టికల్స్ ఉంటే కాలేజీ ల్యాబు సామాను బయటికి రాదు. అక్టోబరు, నవంబరు తుఫానులు, ఆ వెంటనే కోతలు. సంక్రాంతికి మనవాళ్ళని బరుల దగ్గర్నుంచి లేపడం ఎవరి తరమూ కాదు. సంక్రాంతి వెళ్ళాక, జనవరి ఆఖరి వారం నాకు నచ్చిన కాలం. రాజోలు వైపైతే అంతర్వేది తీర్థం రోజులు తప్పించండి.

స్థలం విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను. గుడి ఆవరణలో పెడితే కొందరు రారు. ఫలానా కులం వాళ్ళ కల్యాణ మండపంలో పెడితే ఇంకొందరు రారు. వాళ్ళు రాలేదని మీకెవరూ చెప్పరు కూడా. హైస్కూలు గ్రౌండో, సంత జరిగే చోటో మంచిది. బల్లల దగ్గర నిలబడే కుర్రాళ్ళూ అన్ని పేటలనుంచీ ఉండాలి, తెలిసిన మొహం కనపడితేనే జనం దగ్గరికొస్తారు.

ఆడవాళ్ళు మూడు, ఐదు మధ్య వస్తారు. చేలకీ చెరువులకీ పోయిన మగవాళ్ళు చీకటిపడ్డాక. పిల్లలు ఎప్పుడూ ఉంటారు. పిల్లల చేత ఉపన్యాసం చెప్పించకండి, కొలిపించండి. సీసా తీసుకుని, మీటరు పెట్టి, రిజిస్టరులో రాసే పని వాళ్ళది. తెలియనిది అడిగితే 'తెలీదండీ, రాసుకుంటాను' అనడం నేర్పించండి. అలా రాసుకున్న ప్రశ్నలకి రెండో రోజు జవాబులు గోడకి అంటించాలి.

డబ్బులో సగానికి పైగా షామియానా, కుర్చీలు, లైట్లు, జనరేటరు తినేస్తాయి. బల్లల మీది సామానుకి అయ్యేది కొంతే. కాబట్టి తగ్గించుకునేదేదైనా ఉంటే మైకు, ఫ్లెక్సీలు, శాలువాలు. మైకు మోగుతుంటే బల్ల దగ్గర మాట వినపడదు. పెద్దమనుషుల్ని ప్రారంభానికి కాకుండా రెండో రోజు చూడ్డానికి రమ్మనండి, వాళ్ళ ఇంటి నీళ్ళ సీసాతో సహా. హైడ్రోజన్ బెలూన్లు, యాసిడ్ ఆటలు, నిప్పు విన్యాసాలు ఏ మాస్టారు ముచ్చటపడినా ఒప్పుకోవద్దు. పంచాయతీకి, పోలీసులకి, దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ముందుగా ఒక కాగితం ఇవ్వండి.

మీ ఊరికి సముద్రం ఎంత దూరమో, కొబ్బరి ఎక్కువో చెరువులు ఎక్కువో, దగ్గర్లో ల్యాబున్న కాలేజీ ఏదైనా ఉందో లేదో కింద రాయండి. దాన్నిబట్టి ఈ బల్లల్లో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో చెప్తాను. కొబ్బరి ఊరైతే తెల్లదోమ సంగతి వేరే రాయాల్సి ఉంటుంది. దానికి అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్ళని ఇప్పుడే కలిసి ఉంచండి.